నిదానంగా చదివే గొంతు

ఫోన్‌కు వచ్చే తెలుగు మెసేజీలను పైకి చదివి వినిపించే చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఒకటి ఎనిమిదేళ్ల కిందట రాశాను. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. దాంట్లో ఏం చేర్చాలి, ఏం వద్దనాలి అనే పెత్తనం మాత్రం నాది. నాకేమో ముక్కుమీదే కోపం.

రాసింది మా అమ్మ కోసం. పుంగనూరులో పుట్టి, మదనపల్లె మండీల్లో టమాటాలు ఏరుతూ నన్ను చదివించింది. తనకు అక్షరం ముక్క రాదు. నిమ్మనపల్లెలో ఉండే చిన్నమ్మకు మెసేజీలు రాయడం సరదా. వాటిని చదివి పెట్టమని నన్ను అడగడానికి అమ్మ మొహమాటపడేది. మొదటిసారి ఫోనే చదివితే విని, "ఏమప్పా, ఇంత బిరబిరా సదివితే నాకేం తెలిసేది? నిదానంగా సెప్పమను దానికి" అంది. వేగం సగానికి తగ్గించి, అందరికీ అదే ఖాయం చేశాను.

వాడేవాళ్లంతా వేగం పెంచమనేవాళ్లు. ఇది ఇంతే అని రాసి ఆ విన్నపాలన్నీ మూసేసేవాణ్ణి. అందరికంటే ఎక్కువ పోట్లాడింది కుప్పంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒక మేడం. ఆమెకు చూపు లేదు, పాఠాలు కూడా నా ప్యాకేజీతోనే చదివించుకుని వినేది. "మీ గొంతు ఒక పేజీ ముగించేలోపల నా క్లాసే అయిపోతాండాది సార్" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమెకూ అదే జవాబిచ్చాను. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నిరుడు అమ్మ పోయింది. తనకోసం నిదానం చేసిన ఆ ఫోన్ గొంతు వినలేక ప్యాకేజీ జోలికే పోలేదు. కొన్నాళ్లకు కొత్త ఫోన్లలో అది పనిచేయడం మానేసింది. అప్పుడు ఆ మేడమే ఫోన్ చేసింది.

"మీకు సేతకాకపోతే నాకియ్యండి సార్. నేను సూసుకుంటాను. మాలాంటోళ్లకు అదే దిక్కు."

ఎప్పటిలా కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

ఇంట్లో కూర్చునే అప్పగించవచ్చు, కానీ బస్సెక్కాను. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి ఊరికే చూస్తూ కూర్చున్నాను. కుప్పంలో మేడం కాఫీ ఇచ్చింది. పాస్‌వర్డులూ హక్కులూ ఆమె పేరిట మార్చడానికి గంట కూడా పట్టలేదు. ఇక నేను ఒక్క అక్షరం మార్చాలన్నా ఆమె ఒప్పుకోవాలి. లేవబోతూ, గొంతు ఎందుకంత నిదానమో చెప్పేశాను.

"ఈ మాట ముందే సెప్పుంటే నేను అంత కొట్లాడుంటానా సార్?"

"ఇప్పుడు పెంచేయండమ్మా. నిదానంగా వినే మనిషి లేదు."

ఆమె లేచి చేతికర్ర అందుకుంది. బస్టాండు దాకా తోడొస్తానంటే వద్దన్నాను.

రెండు వారాలకు కొత్త ప్యాకేజీ వచ్చింది. అమ్మ ఫోన్ తీసి అందులోకి ఎక్కించాను. గొంతు గడగడా చదివింది. మంచిదే అనుకుని ఆపబోయాను. వేగం ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునేందుకు మేడం సెట్టింగుల్లో కొత్తగా ఒక చోటు పెట్టింది. అక్కడ మూడు మాటలు ఉన్నాయి: వేగం, మామూలు, అమ్మ.

మూడోది నొక్కి, చిన్నమ్మ పంపిన పాత మెసేజీ ఒకటి చదవమన్నాను.

"అక్కా, తిన్నావా?" అని అడిగింది, నిదానంగా.