సినిమాలో బిడ్డ ఎందుకేడవదు

సినిమా తల్లుల్ని నేను ఒక్కనాడూ నమ్మలేదు. నమ్మేటట్టు ఉంటేగా! చీర మీద ఒక్క పాల మరక ఉండదు, జడలో పూలు వాడవు, ఉయ్యాల ఊపి పాటెత్తుకుంటే చాలు, బిడ్డ కళ్ళు మూసేస్తుంది. నా మొదటి కూతురికి ఎనిమిది నెలలు నిండేదాకా నేను కుదురుగా తల దువ్వుకున్న రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

యుద్ధం రోజులవి. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బొగ్గుతో నడిచే బస్సు ఉండేది. ఒకరోజు పగటాట చూద్దామని నేను, మా ఆయన, మా అత్త బిడ్డనెత్తుకుని బయల్దేరాము. పెళ్ళయ్యాక నేను చూడబోయే మొదటి సినిమా. బిడ్డ ఏడిస్తే మధ్యలో లేచి బయటికి పోవలసింది నేనే కదా! అందుకని పొద్దున్నే ఎవరూ చూడకుండా ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి దానికి నాకించాను. కలుపుకు పోయే తల్లులు బిడ్డకు అంత నాకించి ఉయ్యాల్లో వేసి పోవడం మా వైపు మామూలే. కానీ నేను పోతున్నది కలుపుకు కాదు. అందుకే దాచాను.

హాల్లో ఆడవాళ్ళకు వేరే పరదా. తెర మీద తల్లి పాట పాడింది, బిడ్డ నిద్రపోయింది. మొగుడొచ్చి అరిచాడు, చెంబు విసిరికొట్టాడు, తలుపు దబేలుమని వేసి పోయాడు. బిడ్డ ఉలకదు, పలకదు. నా పక్కనున్న పెద్దామె గట్టిగానే అనేసింది.

"ఏందమ్మా ఇది! ఆ బిడ్డకేందో పెట్టినారు. లేకుంటే అంత సద్దులో యా బిడ్డ పండుకుంటాది?"

ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అత్త ఒళ్ళో ఉన్న నా బిడ్డ వైపు చూశాను.

అదీ కదలడం లేదు. బస్సెక్కినప్పటి నుంచి కళ్ళు తెరవలేదని అప్పుడు తట్టింది. నేనిచ్చిన మత్తు ఈపాటికి దిగిపోవాలి. దాని చెయ్యి ఎత్తి వదిలాను, వదిలినట్టే పడిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అనుమానం నేరుగా అత్త మీదికి పోయింది. అసలు ఆమె మీద నాకెప్పుడూ అనుమానమే. పాలు విరిగినా, బిడ్డకు జలుబు చేసినా ఆమే ఏదో చేసిందనుకునేదాన్ని.

"అత్తా, బిడ్డకేమిచ్చినావ్?"

"ఏమీ లేదు లేమ్మీ. రవ్వంత నల్లమందు, బస్సెక్కే ముందర. నువ్వు నిమ్మళంగా సినిమా సూస్తావని."

బిడ్డను లాక్కుని బయటికి పరుగెత్తాను. వెనకాలే అత్త, మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన వచ్చారు. జట్కా ఎక్కి డాక్టరు దగ్గరికి పోయాము. ఆయన బిడ్డ రెప్పలెత్తి చూశాడు, అరికాలు గిల్లాడు. ఏమిచ్చారు, ఎన్నిసార్లిచ్చారు అని అడిగాడు.

"నల్లమందు సామీ, ఒగతూరి," అంది అత్త.

"ఒక్కసారికి ఇంత మత్తు రాదు. నిజం చెప్పండమ్మా, ఎంత పోయిందో తెలియకుండా నేనేం చెయ్యాలి?"

చెబితే, సినిమా కోసం కన్నబిడ్డకు మందు పెట్టిందని మా ఆయనకూ ఊరికీ తెలిసిపోతుంది. చెప్పకపోతే బిడ్డ దక్కదు. అంతా తెలిసీ నోరు తెరవలేదు. ఛీ, నేనూ ఒక తల్లినేనా! అత్త నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"రెండుతూర్లు," అంది డాక్టరు వైపు తిరిగి. "పొద్దున ఒగతూరి, బస్సెక్కే ముందర ఒగతూరి. రెండూ నేనే ఇచ్చినా."

దీపాలు పెట్టే వేళకు బిడ్డ కేరుమంది. అప్పటిదాకా మా ఆయన డాక్టరింటి వసారాలో కన్నతల్లిని నిలబెట్టి తిడుతూనే ఉన్నాడు. "నువ్వు మనిషివేనా? ఇంగ నా బిడ్డ మీద చెయ్యి ఎయ్యద్దు!" ఆమె తల వంచుకుని నిలబడింది. నేను లోపల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అన్నీ విన్నాను.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఆ బిడ్డను ఎత్తుకోవాలంటే ముందు నన్నడిగేది. "ఎత్తుకుందునా?" అని. ఆ రోజు సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఎప్పుడైనా దెప్పుతుందేమోనని నేను అనుమానంగా చూస్తూనే ఉన్నాను, దెప్పకుండానే పోయింది.

ఇప్పుడు నా కూతురే నాయనమ్మ అయింది. తనకు ప్రాణం మీదికొచ్చిన ఆ కథ వాళ్ళ నాన్న నోట విన్నది కదా, దాన్ని చెప్పుకోవడం దానికి మహా ఇష్టం. "మా నాయనమ్మ నాకు నల్లమందు పెట్టి సంపబోయింది, మా అమ్మ కనిపెట్టి కాపాడింది" అని మొన్న కూడా మనవలకు చెప్పింది. వాళ్ళు నా వైపు ఎంతో గొప్పగా చూశారు.