వీరభద్రం గారి పదహారణాలు

బందరులో శిరీషక్క పనిచేసే బడికి మొన్న వెళ్లినప్పుడు, ఆటసామాన్ల గదిలో బీరువా తలుపు తీయగానే కొత్త బంతుల రబ్బరు వాసన కంటే ముందు ఆముదం వాసన వచ్చింది. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఇట్టే తుప్పు పట్టేస్తుందని తలుపు బందులకి అక్క ఆముదం రాస్తుందట. ఆముదం అంటే చాలామందికి తలంటు గుర్తొస్తుంది, లేకపోతే ముక్కు మూసి తాగించిన గరిటె గుర్తొస్తుంది. నాకు మాత్రం మా తాతయ్య ఒళ్లో పసిపిల్లలా పడుకున్న తోలుబంతి గుర్తొచ్చింది. వాన నీళ్లు పీల్చి బరువెక్కకుండా దానికి రోజూ సాయంత్రం ఆముదం పట్టించేవాడు, కుట్ల సందుల్లోకి బొటనవేలితో ఇంకిస్తూ, మధ్యమధ్యలో చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూస్తూ.

మా ఊరు దివిసీమలో, కృష్ణ కరకట్టని ఆనుకుని ఉంటుంది. వరద ఊళ్లోకి రాకుండా వేసిన ఆ మట్టికట్టే మాకు షికారు, దాని వాలే మా గ్యాలరీ. కట్ట దిగువన హైస్కూలు ఆటస్థలం. వేసవిలో ఆ వాలు మీద కూర్చుని ముంజలు జుర్రుకుంటూ, చలికాలం కాల్చిన తేగలు చీల్చుకుంటూ, వానాకాలం నల్లమట్టి చెప్పుల్లా పాదాలకి అంటుకుంటే పుల్లతో గీక్కుంటూ, ఊరంతా అక్కడ ఆట చూసేది. నేనూ తాతయ్య పక్కన కథల పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. చేతిలో పుస్తకం ఉన్నంతసేపూ నన్నెవరూ పలకరించరని చాలా చిన్నప్పుడే కనిపెట్టాను.

శిరీషక్క మా పెదనాన్న కూతురు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లప్పుడు అక్క తొమ్మిదో తరగతి. బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు మొదలుపెట్టిన పీఈటీ మేస్టారు కొబ్బరి చిప్పలు వరసగా బోర్లించి, వాటి మధ్య నుంచి బంతిని మెలికలు తిప్పుతూ తీసుకెళ్లమనేవారు, ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తించి స్టాప్‌వాచీ నొక్కేవారు, టేపు పెట్టి దూకుళ్లు కొలిచేవారు. కట్ట మీద తాతయ్య కొలత వేరే. పైరు ఈనాక గట్టు మీద నిలబడి, కళ్లు చికిలించి, "ఈ చేను పన్నెండణాలు, ఆ చేను పది" అని పంట అంచనా వేసేవాడే, అవే కళ్లతో ఆడేవాళ్లనీ చూసేవాడు. రూపాయికి పదహారణాలున్న కాలం మనిషి మరి. లోటు లేకుండా పండితే పదహారు, చేనైనా, మనిషైనా.

నాకేమో అణా అంటే తెలియదు. "శిరీష పన్నెండణాలు" అన్నప్పుడల్లా నాకు "పన్నెండన్నలు" అని వినపడేది. మా ఇంట్లో మాకెవరికీ అన్నలు లేరు. మా అక్క ఒక్కతే పన్నెండు మంది అన్నలకి సమానమని తాతయ్య అంటున్నాడని పొంగిపోయేదాన్ని. బడిలో ఒకమ్మాయి వాళ్లన్నయ్యని చూపించి నన్ను బెదిరిస్తే, "మా అక్క పన్నెండన్నలు, తెలుసా?" అని నేను జీవితంలో మొదటిసారి ఒకరికి ఎదురు చెప్పాను.

పదహారు మాత్రం తాతయ్య ఒక్కరికే ఇచ్చాడు. నందివాడ వీరభద్రం. ఇద్దరూ గుడివాడలో కలిసి చదువుకుని, ఒకే జట్టులో ఆడారట. చివరి నిమిషంలో వీరభద్రం తన్నిన బంతి ఆటస్థలం దాటి, మామిడిచెట్లు దాటి, కంటికి కనపడకుండా పోయిన కథ నేను ఎన్నిసార్లు విన్నానో. మొదట్లో మామిడిచెట్టు ఒకటే ఉండేది. నేను మూడో తరగతికి వచ్చేసరికి అది తోట అయింది.

"ఏవండీ, మీ వీరభద్రం గారి బంతి కిందకి దిగిందా, ఇంకా పైనే ఉందా?" అనేది నానమ్మ, చారులో పోపు వేస్తూ.

కట్ట మీద పీఈటీ మేస్టారు మెల్లగా వాదించేవారు. "అప్పటికీ ఇప్పటికీ పోలికేంటండీ? వీరభద్రం గారి టైము ఎవరైనా తీశారా?"

"టైము తీసేవాడు గడియారం వంక చూసేలోపు గోలు పడిపోయేదయ్యా! ఒట్టికాళ్లతో ఆడాం, తడిస్తే పనసకాయంత బరువుండే బంతితో. మీ పిల్లల్ని ఆడమనండి చూద్దాం."

"మీ వీరభద్రం గారిని కూడా ఈ చిప్పల మధ్య పరిగెత్తమనండి, చూద్దాం."

ఇద్దరూ నవ్వేసి వేరుశనక్కాయలు పంచుకునేవారు. కానీ ఆ ఏడు ఆ పోలిక నవ్వులాటగా మిగల్లేదు. బందరులో జిల్లా జట్టుకి ఎంపికలు. గెలిస్తే అక్కడే ఉండి సాధన చేయాలి. ఆడపిల్లని ఊరు దాటించడం పెదనాన్నకి ఇష్టం లేదు, కాదంటే అక్క ఏడుస్తుంది. అందుకని తెలివిగా ఒక మాట విసిరాడు: "తాతయ్య చేత పదహారణాలు అనిపించుకో. నేనే బస్సెక్కిస్తా." తాతయ్య ఆ మాట అనడని ఆయనకి తెలుసు, అక్కకీ తెలుసు. దసరా వెళ్లేసరికి కిందామీదా పడి పదమూడుకి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

అట్లతద్ది ముందురోజు సాయంత్రం, మా చేతులకి గోరింటాకు పెట్టి వేళ్లకి ఆకులు చుడుతున్న సమయంలో, వాకిట్లో ఆటో ఆగింది. మాకు దగ్గర్లో కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం గుళ్లో దర్శనానికి వచ్చి, పాత స్నేహితుణ్ణి చూసి పోదామని ఒక సన్నటి పెద్దాయన దిగారు. "రండి అన్నయ్యగారూ, ఇన్నేళ్లకి దారి కనపడిందా!" అని నానమ్మ ఎదురెళ్లింది. వీరభద్రం గారట! పదహారన్నల బలం వస్తుందనుకుంటే, చక్కెర లేని టీ అడిగి, రెండు మెట్లెక్కి ఆయాసపడుతూ ఒక్క అన్నయ్యగారు వచ్చారు. నేను స్తంభం చాటు నుంచి చూసి చాలా దిగులుపడ్డాను.

భోజనాల దగ్గర తాతయ్య కథ మొదలుపెట్టాడు. బంతి మామిడితోట దాటింది. వీరభద్రం గారు ముద్ద చేతిలో పట్టుకుని, వేరెవరి కథో వింటున్నట్టు కళ్లు విప్పార్చుకుని విన్నారు. తర్వాత అన్నారు:

"ఒరే మాధవా, ఆ రోజు మనం ఓడిపోయాం కదరా!"

వడ్డిస్తున్న నానమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది.

"అది పెనాల్టీ రా. కొడితే సమం అయ్యేవాళ్లం. నేను గోలు మీదుగా ఆకాశంలోకి తన్నాను. ఉన్నది ఒకటే బంతి, అది దొరకలేదని ఆట ఆపేశారు. మన మేస్టారు నా చెవి ఎట్లా మెలేశారో మర్చిపోయావా?"

తాతయ్య ఒక్క క్షణం కూడా తగ్గలేదు. "తప్పితే తప్పింది. ఎంత ఎత్తు వెళ్లిందో చెప్పరా ముందు!"

నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. పొలమారిన పెదనాన్న నెత్తి మీద అక్కే తట్టింది.

తెల్లవారుజామున తదియ చంద్రుడు పడమటికి వాలుతుండగా మమ్మల్ని లేపారు. ఎర్రగా పండిన చేతులతోనే గోంగూర పచ్చడి కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ పులుసు, మీగడ పెరుగు తిని, ఊళ్లో ఆడపిల్లలమంతా కేకలు పెట్టుకుంటూ వీధిలో పడ్డాం. సూర్యుడు వచ్చేదాకా ఆడుకోవడమే ఆ పండగ పని. మిగతా ఊళ్లలో ఊయలలూ దాగుడుమూతలూ. మా ఊళ్లో ఆ ఏడు అక్క వల్ల ఫుట్‌బాల్ కూడా. లంగాలు ఎగదోపుకుని, మంచుకి తడిసిన గడ్డి మీద, ఆముదం వాసన వేసే ఆ తోలుబంతి వెంట పడ్డాం. నేను గోలు దగ్గర నిలబడ్డాను, బంతి నా వైపు రాకూడదని దేవుడికి మొక్కుకుంటూ.

మా గోలకి నిద్రలేచి, తువ్వాలు చెవులకి చుట్టుకుని వీరభద్రం గారు కట్ట మీదకి వచ్చారు. వెనకే తాతయ్య, పెదనాన్న. తూర్పు తెల్లబడేదాకా ఆయన ఆట చూశారు. నేను వాళ్లకి దగ్గరలోనే ఉన్నాను కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"ఆ పిల్లకి ఎంతిచ్చావురా?"

"పదమూడు. ఎడంకాలు ఇంకా కుదరలేదు."

"నువ్వు కాళ్లే చూశావు. మెడ చూడు. బంతి తన దగ్గరికి రాకముందే అటూ ఇటూ తిప్పి, ఎవరెక్కడున్నారో చూసుకుంటోంది. మనం బంతి కాలికి తగిలాక గానీ ఎటు తన్నాలో ఆలోచించామా ఏనాడైనా?"

తాతయ్య కళ్లు చికిలించాడు.

"నాకెంతిచ్చావు?"

"అదేం అడుగుతావు? పదహారు."

"ఆ పెనాల్టీ పోగొట్టాను కదా. నావి మూడు కోసి ఆ పిల్లకెయ్యి. లెక్క సరిపోయింది."

"అట్లా కుదరదు బాబాయ్ గారూ," అన్నాడు పెదనాన్న కంగారుగా. "నాన్న నోటి నుంచి రావాలి."

ఆట ఆగిపోయింది. అక్క బంతి మీద కాలు పెట్టి కట్ట వైపు చూస్తోంది. తాతయ్య గడ్డం గోక్కున్నాడు. అబద్ధం చెప్పి పంట ఎక్కువ చూపించే మనిషి కాదు.

"పదిహేనున్నర," అన్నాడు చివరికి.

అక్క మొహం వాడిపోయింది.

"ఆ అర్ధణా ఇక్కడ లేదురా," అన్నాడు తాతయ్య పెదనాన్నతో. "బందర్లో ఉంది. వెళ్లి తెచ్చుకోమను."

అక్క వేసిన కేకకి కట్ట మీద కొంగలు లేచిపోయాయి. పెదనాన్న ఓడిపోయినవాడిలా నవ్వి, మాట ప్రకారం తనే బస్సెక్కించాడు. ఆ ఏడు అక్కని జట్టులోకి తీసుకున్నారు గానీ ఎక్కువగా బయటే కూర్చోబెట్టారు. సెలవులకి బందరు లడ్డూల పొట్లంతో దిగినప్పుడు తాతయ్య అరుగు మీద నుంచే అరిచాడు, "అర్ధణా దొరికిందటే?" "సగం దొరికింది తాతయ్యా!" అంది అక్క. రెండో ఏడు మిగతా సగం కూడా దొరికింది.

ఇప్పుడు తాతయ్యా లేడు, వీరభద్రం గారూ లేరు. కట్ట దిగువ ఆటస్థలం పక్కన వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి, వాటిని అణాల్లో అంచనా వేసేవాళ్లెవరూ లేరు. కొత్త బంతులకి ఆముదం అక్కర్లేదు. మొన్న అక్క తన జట్టు కోసం పిల్లల్ని ఎంపిక చేస్తుంటే, నేను పాత అలవాటు ప్రకారం పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. కొబ్బరి చిప్పల బదులు పెట్టిన ప్లాస్టిక్ టోపీల మధ్య నుంచి పిల్లలు మెలికలు తిరిగారు, అక్క ట్యాబులో ఏవేవో అంకెలు నొక్కుకుంది. చివర్లో పెనాల్టీలు. రెండు జడలు పైకి కట్టుకున్న ఒక బక్కపిల్ల పరిగెత్తుకొచ్చి తన్నిన తన్నుకి బంతి గోలు మీదుగా, వేపచెట్టు మీదుగా, ప్రహరీ దాటి రోడ్డవతలకి పోయింది. తోటిపిల్లలు గొల్లుమన్నారు. ఆ పిల్ల తల దించుకుంది.

నాకేమైందో తెలియదు, పుస్తకం పక్కన పెట్టి లేచి నిలబడి, "ఎంత ఎత్తు వెళ్లిందో చూశారా!" అని అందరికీ వినపడేలా అరిచాను.

అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. ట్యాబు చంకలో పెట్టుకుని, కళ్లు చికిలించి ఆకాశం వైపు చాలాసేపు చూసి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"పదమూడణాలు," అంది.

ఆ పిల్లకి ఏమర్థమైందో గానీ కళ్లు తుడుచుకుని నవ్వింది. గోడెక్కిన పిల్లలు బంతి కనపడటం లేదు మేడమ్ అని అరుస్తున్నారు.