ఎడమవైపు దిగిన గొట్టం

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే పిన్ని అంటారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, అదీ యంత్రం లేకుండానే! రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉన్నా, తాను తీసిన ఫిల్ము బాగాలేదంటే ఇప్పటికీ ఊరుకోదు.

ఆ ఉదయం ఒక దర్జీ ఆవిడకు మెడ ఎడమవైపు నుంచి డయాలసిస్ గొట్టం వేశారు. కిడ్నీలు పాడై ఆరేళ్లు. గొట్టాలు వేసి వేసి మిగతా సిరలన్నీ పూడుకుపోయాయి, ఇక ఇదొక్కటే దారి. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక, మూడు రోజులుగా కూర్చునే ఉంది.

గొట్టం సరిగ్గా చేరిందో లేదో చూడ్డానికి పిన్ని ఎక్స్‌రే తీసింది. ఎడమ నుంచి వేసినా అది ఛాతీలో కుడివైపుకు దాటి గుండెలోకి దిగాలి. ఇది దాటలేదు. ఎడమ పక్కనే నిటారుగా దిగింది.

"వంకరగా తీసుంటావు పిన్నీ," అన్నాడు కుర్ర డాక్టరు.

పిన్ని ఆవిడ వీపు వెనక దిండు పెట్టి, భుజాలు సరిచేసి మళ్లీ తీసింది. మళ్లీ అదే.

"అయితే ధమనిలోకి పోయినట్టే. తీసేస్తా."

"ఆగండి బాబూ. తీసేస్తే మళ్లీ ఎక్కడ వేస్తారు? వచ్చిన రక్తం నల్లగానే ఉంది కదా, ధమనిదైతే ఎర్రగా చిమ్మేది! అమ్మ కడుపులో అందరికీ గుండె పైన రెండు పెద్ద సిరలుంటాయట, కుడొకటి, ఎడమొకటి. రెండో నెలలో రెంటికీ మధ్య వంతెన పడి, ఎడమది ఎండిపోతుందట. వెయ్యిమందిలో ముగ్గురికో నలుగురికో ఎండదు. శవాలు కోసే హాల్లో పెద్ద మాస్టారు ఒకసారి చూపించారు. రంగు మందు ఎక్కించి ఒక్క ఫిల్ము తీయనివ్వండి."

"డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆ మాట అనడానికి గుండె కావాలి. కుర్రాడి మొహం కందగడ్డయింది. అయినా గొట్టం మీద నుంచి చెయ్యి తీసి, పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. కుర్రాడూ మంచివాడే, పాపం.

రంగు మందు ఎడమ సిర వెంటే దిగి, గుండె వెనకగా చుట్టుకుని, చక్కగా కుడి గదిలో పడింది.

"పుట్టుకతో మిగిలిపోయిన సిరే. గొట్టం కదపకండి, డయాలసిస్ మొదలుపెట్టండి," అన్నాడు పెద్ద డాక్టరు.

"అంటే నాకు ఇంకో లోపం కూడా ఉందా పిన్నీ?" అంది దర్జీ ఆవిడ, రొప్పుతూ.

"లోపమేలేమ్మా. ఇవాళ్టికి అదే దిక్కయింది."

నాలుగు గంటల తర్వాత ఆవిడ వెల్లకిలా పడుకుని గాఢంగా నిద్రపోయింది. కుర్ర డాక్టరు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"నేను తీసేసేవాణ్ణి పిన్నీ."

"తీయలేదుగా," అంది పిన్ని.