నాలుక మీద ఇసుక

మావారికి దొరికిన మొదటి కంట్రాక్టు బాపట్ల శివార్లలో ఆడపిల్లల బడి. రెండు గదులు, ముందొక వసారా. అప్పటిదాకా ఆ పిల్లలు మా ప్రార్థన మందిరం అరుగు మీద, ఎండ జరిగినకొద్దీ పలకలు జరుపుకుంటూ చదువుకునేవారు. వేసవి సెలవులు అయ్యేసరికి గదులు అప్పజెప్పాలి. లేకపోతే ఇంకో ఏడాది వాళ్లకు ఆ అరుగే.

నేను బడి మొహం చూడనిదాన్ని. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే నాన్నగారు ఇంటి దగ్గరే బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దించారు. అందుకేనేమో, పొద్దుటి ప్రార్థనలో ఆ రెండు గదుల దగ్గరికి వచ్చేసరికి కాస్త ఎక్కువసేపు ఆగిపోయేదాన్ని.

చిక్కంతా పనివాళ్లతోనే. ఆ ఏళ్లలో తాపీ బాగా పట్టగలిగినవాళ్లంతా సాగర్ డ్యామ్ పనికి తరలిపోయారు. మాకు దొరికింది ఇద్దరు అన్నదమ్ములు. ఇటుక మీద ఇటుక పెట్టగలరు. మూల తిప్పమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

“ఏమండీ, తెనాలిలో మా నాన్నగారి ఇల్లు కట్టిన మేస్త్రిగారున్నారు. పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నారట. అడుగుదామా?” అన్నాను.

“ముసలాయన్ని తెచ్చి మంచం వేసిపెట్టనా, గోడ కట్టుకోనా?” అన్నారు మావారు. అన్నారే గాని, శనివారం రైలుకు ఇద్దరం తెనాలి వెళ్లాం.

మేము వచ్చిన పని వినగానే మేస్త్రిగారి భార్య నవ్వింది. “ఈయన చేతిలో కాఫీ గ్లాసే నిలవదమ్మా. సగం ఆయన తాగితే సగం పంచె తాగుద్ది.”

“గ్లాసు సంగతి నీకెందుకే? గోడ నిలబడుద్దో లేదో చూడు,” అని ఆయన మావారి వైపు తిరిగారు. నేను ఆ ఊరి ఆడపడుచును కాబట్టి మావారు ఆయనకు అల్లుడే. “అల్లుడుగారూ, మీరు చేతులు ఇప్పించండి. కళ్లూ బుర్రా నేను తెచ్చుకుంటా.”

అలా మా ఇంటికి వచ్చి ఉన్నారు. పొద్దున్నే నేను మోకరించే వేళకు ఆయన పెరట్లో తన పాత తాపీ కడిగి కళ్లకద్దుకునేవారు. ఒకరి ప్రార్థన ఒకరం చూసుకుని, ఎవరి పనిలో వాళ్లం పడేవాళ్లం.

మొదటిరోజే అన్నదమ్ముల్లో పెద్దవాడు నోరు జారాడు. “తాతా, నువ్వు ముట్టుకుంటే గోడకి కూడా వణుకు పట్టుద్ది.”

“నువ్వు కట్టినదానికి పక్షవాతమే వచ్చిందిరా. ముందు దానికి మందేద్దాం,” అని నాలుగు వరసలు విప్పించారు. దారం కట్టించి, నిలువు చూసే గుండు వేలాడదీయించి, మళ్లీ మొదటినుంచి పెట్టించారు. తన చేత్తో ఒక్క ఇటుకా ముట్టుకోలేదు. పదిరోజులు తిరక్కుండా ఆ పెద్దవాడే ప్రతి మూలకూ “తాతా, ఒకసారి చూద్దువుగాని రా” అని పిలవసాగాడు.

గోడలు లేచాయి, పెంకు ఎక్కింది. లోపలి పూత మిగిలింది. రేపల్లె నుంచి రావలసిన కృష్ణ ఇసుక లారీ ఎంతకీ రాలేదు. రోజులు లెక్కపెట్టుకుని మావారు సముద్రం వైపు దిబ్బల నుంచి మూడు బండ్ల ఇసుక తోలించారు. మేస్త్రిగారు చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, పక్కకు ఉమ్మేశారు.

“ఇది గోడకా అల్లుడుగారూ, ఆవకాయకా?”

“ఇసుకలో తేడా ఏంటి మేస్త్రీ? కడిగిస్తాలే.”

“మీరు కడిగే రెండు పీపాల నీళ్లకి పోయే ఉప్పు కాదండి. రేపు గోడంతా కక్కుద్ది. లారీ వచ్చేదాకా ఆగండి.”

ఆ వారమే ఆయనకు జ్వరం తగిలి నాలుగు రోజులు తెనాలి వెళ్లారు. మావారు ఆ ఇసుకనే కడిగించి ఒక గది పూయించేశారు. నాకు తెలుసు. నేనూ ఆపలేదు. నా కళ్ల ముందు కూడా ఆ అరుగే ఉంది మరి.

మేస్త్రిగారు తిరిగి వచ్చి గోడ చూశారు. తిడతారనుకున్నాను. “ఆరనీయండి. అదే చెబుద్ది,” అని ఊరుకున్నారు.

పదిహేను రోజులకు గోడ చెప్పింది. కింది నుంచి తెల్లగా ఉప్పు పూసి, ముట్టుకుంటే పూత పొడిపొడిగా రాలింది. మావారు వేలితో తుడిచి, ఆ వేలు నాలుకకు తాకించుకున్నారు. అప్పటిదాకా మేస్త్రీ అని పిలిచిన మనిషి ఆరోజు, “తప్పయిపోయింది మామగారూ. ఇప్పుడేం చేద్దాం?” అన్నారు.

“ఏముంది, చెక్కేద్దాం. లారీ వచ్చిందిగా.”

కానీ మిగిలింది మూడు వారాలు. అన్నదమ్ములు రెండో గది పూస్తుంటే ఈ గదికి చేతులేవి? మేస్త్రిగారు అప్పటికే చూసి పెట్టుకున్నారు. సిమెంటూ ఇసుకా కలిపి తట్టల్లో అందించే కూలీ మనిషిని పిలిచారు.

“ఈ అమ్మాయి నిచ్చెన మీద నీళ్ల బిందె మోసినా చుక్క తొణకదు. ఆ చెయ్యి నాకు కావాలి.”

“నేను తాపీ పట్టడమేంటి బాబాయ్! మావాళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. ఆ నవ్వేవాళ్లొచ్చి పూస్తారా?”

ఆయన తన తాపీ ఇచ్చారు. ఆమె ఒక్క క్షణం దాన్ని అలాగే పట్టుకుని, ఆయన చేసినట్టే కళ్లకద్దుకుంది. ఆయన వణికే వేలు ఎటు చూపిస్తే ఆమె నిలకడైన చెయ్యి అటు వెళ్లేది. “విసురు... లాగు... నొక్కకు, నిమురు.” ఆడమనిషికి తాపీ ఏంటని ముందు సణిగిన అన్నదమ్ముల్లో చిన్నవాడే మూడోనాటికి రెండో గదిలోంచి వచ్చి, ఆమెకు పూత చదును చేసే బద్ద పట్టాడు.

ఆ తర్వాత మావారు ఎక్కడ పని పట్టినా, ముందు ఆ చుట్టుపక్కల పని మానేసి కూర్చున్న పెద్దవాళ్లెవరని వాకబు చేసేవారు. రేపల్లెలో అలాగే ఒక వడ్రంగి దొరికాడు. ఒక్కొక్కరి వెంట ఇద్దరు నేర్చుకునేవాళ్లను పెట్టేవారు. ఆ కూలీ మనిషి నాలుగేళ్లకు తనే పూత పనులు ఒప్పుకునేది.

బడి తెరిచిన రోజు, చెక్కి మళ్లీ పూసిన గది ఇంకా చెమ్మగానే ఉంది. వారం పాటు పిల్లలందరూ రెండో గదిలోనే ఇరుక్కుని కూర్చున్నారు. అయినా నెత్తిన నీడ ఉంది. ఎవరూ పలక జరపలేదు. వారం తర్వాత తడి గది ఆరింది. మేస్త్రిగారు దాన్ని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చి, గోడ అడుగున వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నారు.

“ఒసేయ్, తాత గోడ నాకుతున్నాడే!” అని పిల్లలు పగలబడి నవ్వారు.

ఆయన పట్టించుకోలేదు. చప్పరించి, మళ్లీ ఒకసారి చప్పరించి, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశారు.

“చప్పగా ఉందమ్మా,” అన్నారు.

ప్రభువా, నీకు స్తోత్రం అనుకుని, పిల్లల్ని లోపలికి పిలిచాను.