వడ్రంగిపిట్ట పెట్టించిన వాయిదా

పని చేసిన చెయ్యి తన తప్పు తాను పట్టుకోలేదని మా ఆయన నమ్మకం. అనకాపల్లి బజారులో గడియారాలు, కళ్లజోళ్లు బాగుచేసే కొట్టు మాది. ముందు కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం, మధ్యలో ఒక పరదా. గడియారం బాగుచేస్తే దాన్ని తన తమ్ముడి చేతికి కట్టి ఒక రోజంతా తిప్పేవారు. తమ్ముడు సరేనంటేనే అది తెచ్చిన మనిషి చేతికి వెళ్లేది. "వండినోళ్లు ఉప్పు సూసుకోకూడదు" అనేవారు. నేను మాత్రం చూసుకునే వండేదాన్ని, అది వేరే సంగతి.

యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో మిలటరీవాళ్లు మిగిలిన సామాను వేలం వేశారు. దుప్పట్లు, బూట్లు, రేకు డబ్బాలు, వాటితోపాటు దుర్భిణులు. సముద్రపు గాలికి ఆ దుర్భిణుల అద్దాలు లోపల బూజు పట్టి ఉండేవి. వాటిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం మా ఆయన తనంతట తానే నేర్చుకున్నారు. అప్పటికి మా మరిది హార్బరులో పనికి కుదిరి వెళ్లిపోయాడు. పరీక్ష చెయ్యడానికి ఇంట్లో మిగిలిన కళ్లు నావే.

మొట్టమొదట వచ్చిన దుర్భిణి మాకవరపాలెం వైపు నుంచి ఒక కలప కాంట్రాక్టరు తెచ్చింది. ఆయనకి వేట సరదా. వచ్చే శుక్రవారం నమాజు వేళ దాటాక ఇస్తానని మా ఆయన చెప్పారు. మా ఆయన శుక్రవారం అంటే శుక్రవారమే. బజారులో ఆయనకి ఆ పేరు ఉంది, మేం తినే అన్నం ఆ పేరు మీదే పుడుతోంది.

తెల్లవారగానే ఇద్దరం శారదా ఏటి గట్టుకి బయల్దేరాం. ఊరు దాటేదాకా ముసుగు దించుకుని నడిచాను, చెరుకు చేలు వచ్చాక పైకెత్తుకున్నాను. దుర్భిణి నా చేతికిచ్చి, దూరంగా ఉన్న రైలు సిగ్నల్ని చూడమన్నారు. చూశాను. ఎంత దగ్గరికొచ్చినా సిగ్నల్ సిగ్నలే కదా, అందులో నాకు విశేషం ఏమీ కనపడలేదు. ఇంతలో ఎవరో ఉలితో చెక్కుతున్నట్టు టకటకమని చప్పుడైంది. చేను గట్టు మీద తల ఊడిపోయిన తాటిమోడు ఒకటి ఉంది. దుర్భిణి అటు తిప్పాను.

వడ్రంగిపిట్ట. పేరు తెలుసు, చప్పుడు తెలుసు, మనిషిని మాత్రం ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. నెత్తిన ఎర్రటి కుచ్చు, వీపంతా మెరిసే పసుపు, మెడ మీద నలుపూ తెలుపూ చారలు. "అమ్మో" అని గట్టిగానే అన్నాను. మా ఆయనకి నాకంటే సంతోషం. సిగ్నల్ కంటే ఈ పిట్టే మంచి పరీక్ష అట. అక్కడికక్కడే మూడు ప్రశ్నలు తయారుచేశారు.

"ఎరుపు సుట్టూ ఊదా అంచు కనపడతందా? మెడ మీద గీతలు విడివిడిగా ఉన్నాయా? పిట్ట ఒకటా, రెండా?"

రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడకపోతే ఒక వస్తువే రెండుగా కనిపిస్తుందని దారిలోనే చెప్పి ఉన్నారు. నాకు కనపడింది నేను చెప్పాను. "రెండు."

ఆయన ముఖం వాడిపోయింది. ఇంటికి వచ్చి దుర్భిణి మొత్తం విప్పి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టారు. సాయంత్రం మళ్లీ వెళ్లాం. "ఒకటి" అన్నాను. హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు పొద్దున్న మళ్లీ "రెండు" అన్నాను. ఆ పూట ఆయన చద్దన్నం కూడా ముట్టలేదు. నీ కళ్లతో నువ్వు ఒకసారి చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. అక్కడే ఉంది ఆయన మొండితనం, తను బిగించింది తను చూడరు.

ఆ సాయంత్రం నేను పట్టుబట్టి చాలాసేపు చూశాను. ఒకదాని నుదురు నల్లగా, తెల్లటి చుక్కలతో ఉంది, ఎరుపు నెత్తి వెనక మాత్రమే. అది మోడులో ఉన్న తొర్రలోకి దూరింది, రెండోది బయట ఉండిపోయింది.

"ఏవండీ, దుర్భిణి బాగానే ఉంది. ఇయ్యి మొగుడూ పెళ్లాం!"

ఆయన గట్టు మీద కూలబడ్డారు. చెరుక్కి నీళ్లు కడుతున్న రైతు పార ఆనించుకుని ఒకటే నవ్వు. "మామా, బాగున్నదాన్ని ఇప్పి పాడుసేసి, మల్లీ బాగుసేసేవన్నమాట!" మా ఆయన కూడా నవ్వారు గానీ, ఆనాటి నుంచి నేనేం చెప్పినా "సరిగ్గా సూసేవా?" అని రెండోసారి అడగడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండేది.

అయినా గట్టుకి వెళ్లడం మానలేదు. తొర్రలో పిల్లలున్నాయని రెండు రోజుల్లో తెలిసిపోయింది. తల్లీ తండ్రీ వంతులేసుకుని చీమలు తెచ్చేవి. తర్వాత తొర్ర అంచున చిన్న తల ఒకటి కనపడింది, దాన్ని తోసుకుంటూ ఇంకోటి. అంతవరకు నాకు తెలిసిన సంగతులన్నీ ఎవరో ఒకరు చెప్పగా తెలిసినవే. ఇది నా అంతట నేను కనుక్కున్నది. ఆ పిల్లలు ఎగరడం చూడాలి. చిన్నపిల్ల బొమ్మ కోసం మారాం చేసినట్టు నా మనసు దానికోసం మారాం చేసింది. కానీ శుక్రవారం నెత్తి మీదికి వచ్చేస్తోంది. దుర్భిణి వెళ్లిపోయాక ఆడదానికి ఏటి గట్టు మీద ఏం పని?

బుధవారం మూడు ప్రశ్నలూ అడిగారు. ఏదో ఒక వంక చెబితే సరిపోయేది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన పనికి లేని తప్పు అంటగట్టడం నాకు చేతకాలేదు. "అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇచ్చేయండి" అన్నాను.

గురువారం రాత్రి అన్నం తింటూ ఆయన నెమ్మదిగా అన్నారు. "ఎడమ గొట్టంలో ఏదో మసక ఉంది. రేపు ఇవ్వడం అవదు."

"నాకు కనపడలేదే!"

"నీకు కనపడదులే."

చూశారా, ఆ రెండు పిట్టల గొడవ ఇంకా మనసులో పెట్టుకున్నారన్నమాట! ఇంకొన్నాళ్లు పిట్టల్ని చూడొచ్చని ఒక పక్క సంతోషం, నా కళ్లని అనుమానించారని ఒక పక్క రోషం. మర్నాడు కోపంగానే గట్టుకి వెళ్లాను, కోపంగానే చూశాను, పిల్ల తల బయటపెట్టేసరికి కోపం మర్చిపోయాను. ఇంటికొచ్చాక గుర్తు చేసుకుని మళ్లీ తెచ్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం కాంట్రాక్టరు బండి కట్టుకుని వచ్చాడు. మసక ఇంకా వదల్లేదు, వారం ఆగాలి అని మా ఆయన చెప్పగానే కాంట్రాక్టరు గొంతు బజారంతా వినపడింది.

"అనకాపల్లిలో మాట మీద నిలబడే మనిషి నువ్వేనని సెబితే నమ్మి వచ్చేను. నువ్వూ ఇంతేనా?"

పక్క కొట్ల వాళ్లు తొంగి చూస్తున్నారు. పరదా సందులోంచి నాకు మా ఆయన వీపు కనపడుతోంది. తల వంచుకుని "తప్పయిపోయింది బాబూ" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను విన్నది అదే మొదటిసారి.

బండి కదలగానే పరదా తోసుకుని వెళ్లి కడిగేశాను. "అంతా శుభ్రంగా ఉందని సెప్పేనా లేదా? నా కళ్లు నమ్మక నలుగురిలో తిట్లు తిన్నారు. రెండు పిట్టలుంటే రెండన్నాను, అది నా తప్పా?"

ఆయన ఒక గడియారం మూత తుడుస్తూనే ఉన్నారు. "నీ కళ్లదేటి తప్పు? మసకా లేదు, ఏటీ లేదు, నేనసలు సూడనేలేదు. నువ్వు సెప్పిందే నిజం."

"మరేటి?"

తల ఎత్తకుండానే అడిగారు. "ఆ పిల్లలు ఎప్పుడెగురుతాయి?"

"మీ మాట పోయింది కదండీ" అన్నాను.

"మాటదేటి, మల్లీ సంపాయిత్తాను. ఆ పిల్లల్ని మల్లీ తేలేను గదా."

అంతవరకు పిల్లలు మెల్లగా ఎదిగితే బాగుండునని కోరుకున్నదాన్ని, ఆ క్షణం నుంచి తొందరగా ఎగిరిపోవాలని అల్లాని వేడుకున్నాను. ఆలస్యమైన ప్రతి రోజూ ఆయన పేరులోంచి ఒక ముక్క పోతున్నట్టే ఉండేది. ఇచ్చేయండని నేను, ఇంకా ఎగరలేదు కదా అని ఆయన. ఆయనంటే నాకు ఇష్టమని అంతకుముందూ తెలుసు. ఎంత ఇష్టమో ఆ నాలుగు రోజుల్లోనే తెలిసింది.

నాలుగో రోజు పొద్దున్న దుర్భిణి పెట్టె చంకలో పెట్టుకునే ఆయన గట్టుకి వచ్చారు, పిల్లలు ఎగిరితే అటు నుంచి అటే మాకవరపాలెం వెళ్లి ఇచ్చేద్దామని. తల్లి పిట్ట చీమలు తేలేదు. అవతలి మామిడిచెట్టు మీద వాలి అదేపనిగా పిలుస్తోంది. పెద్ద పిల్ల తొర్రలోంచి సగం బయటికి వచ్చింది. ఇంతా చేసిన మనిషి చూడకపోతే ఎలా అని దుర్భిణి ఆయనకి అందించబోయాను.

"బేగి, మీరు సూడండి!"

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని దుర్భిణిని మళ్లీ నా కళ్లకే ఆనించారు. "దించకు. నువ్వు సూడు. నాకు సెప్పు."

చెప్పాను. మెడ సాచింది, రెక్క ఒకటి తీసింది, భయపడి ఆగింది, తల్లి పిలుస్తోంది, అదిగో కాళ్లు వదిలేసింది, పడిపోతోందండీ, లేదు లేదు, ఎగిరింది, మామిడి కొమ్మ అందుకుంది, ఇప్పుడు చిన్నది వచ్చింది, అటూ ఇటూ చూస్తోంది అని. ఆయన ఎటు చూస్తున్నారో నాకు తెలియదు. నా భుజం పక్కనే నిలబడి ప్రతి మాటకీ "ఊఁ" అంటున్నారు. గొంతు బొంగురుపోయేదాకా చెబుతూనే ఉన్నాను.