ఆకు నమిలే చప్పుడు

దిబ్బూరహళ్ళిలో మా తమ్ముడి పట్టుపురుగుల షెడ్డులో నేను మూడు గంటలు బందీగా ఉన్నాను. నా లెక్కలో అవి మూడు యుగాలు. నా పొట్ట లెక్కలో ఆరు భోజనాలు.

గూడు కట్టే ముందు వారం పట్టుపురుగులకు నాకంటే ఆకలి ఎక్కువ. రాత్రీ పగలూ మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. నిద్ర ఆపుకోవడానికి తమ్ముడు బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిచ్చిన తెల్లపొడి పీల్చేవాడట. మాకు తెలియదు. కన్ను మూయకపోతే కష్టజీవి అని మెచ్చుకున్నాం. ఎవరినీ గడప తొక్కనివ్వకపోతే, పురుగులకు రోగం తగలకుండా అందరూ చేసేదే కదా అనుకున్నాం. కిటికీ వలల మీద గోనెసంచులు కుట్టినప్పుడు నేనైతే, "ఈగ కాదు గదా, దాని ఆత్మ కూడా దూరదప్పా!" అని భుజం తట్టాను.

ఆ మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్తే నన్ను లోపలికి లాగి, లోపలి గడియకు తాళం వేశాడు.

"అన్నా, వినపడతాండాదా?"

లక్ష పురుగులు ఆకు నములుతున్నాయి. రేకుల మీద వాన పడుతున్నట్టుంది.

"ఆకు తింటాండాయప్పా."

"కాదు. ఎవరో మనల్ని చంపేదానికి మాట్లాడుకుంటాండారు."

"నన్ను మోసేదానికి రెండు ట్రాక్టర్లు కావల్లని చెప్పు వాళ్ళకు."

తమ్ముడు కొమ్మలు నరికే కొడవలి తీసుకుని తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి నేను మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకున్న క్యారియర్ అదొక్కటే.

ఆకు అయిపోయింది. చప్పుడూ ఆగింది. తమ్ముడు మాత్రం ఇంకా చెవి ఒగ్గి వింటున్నాడు. నాకు అసలు భయం అప్పుడేసింది.

"రేయ్, పురుగులు మాడతాండాయి. ఆకు యాడుండాది?"

అంత భయంలోనూ పురుగుల ఆకలి వాడికి తెలిసింది. ఆకు తేవడానికి తాళం తీశాడు.

చింతామణి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ చెప్పారు: ఆ పొడి మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తూము తెరిచినట్టు వదులుతుందట. అప్పుడు ప్రతి చప్పుడూ తన గురించే అనిపిస్తుంది, లేని గొంతులూ వినిపిస్తాయి. నిద్రలేమి దాన్ని ఇంకా పెంచుతుంది. పొడి మానితే చాలామందికి తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది.

తమ్ముడు మానేశాడు. మందులు వేసుకుంటున్నాడు, నిద్రపోతున్నాడు. షెడ్డు లోపలి గడియ నేనే ఊడదీశాను. అయినా పురుగులు ఆకు నమలడం మొదలుపెట్టగానే గడప బయట నిలబడిపోతాడు.

"అన్నా, నువ్వు పోయి చూడు. ఆకేనా?"

లోపలికి వెళ్ళి వింటాను. "ఆకేనప్పా."

"ఇంగోసారి విను."

వింటాను.