ఎగరని వీరుడూ, అబ్బే బాబాయీ

అబ్బే బాబాయ్ నోటి నుంచి "అవును" అన్న మాట విన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఎవరేం చెప్పినా ఆయన మొదటి మాట "అబ్బే!" మిగతా భాషంతా ఆ తర్వాతే. ఎండగా ఉందంటే "అబ్బే, ఇదొక ఎండా?" అంటాడు. పోనీ చల్లగానే ఉందిలెండి అంటే "అబ్బే, మాడు పగిలిపోతుంటే!" అంటాడు. ఒకసారి జ్వరమొచ్చి థర్మామీటరు నూట రెండు చూపిస్తే దానితోనూ వాదానికి దిగి, డాక్టరు చేత ఇంకొకటి తెప్పించాడు. అదీ నూట రెండే చూపించింది. "అబ్బే, రెండూ ఒకే కంపెనీవి," అన్నాడు.

ఈ జబ్బుకి మందు ఆయన భార్య పెళ్ళైన మొదటి నెలలోనే కనిపెట్టింది. "సాయంత్రం వస్తూ వస్తూ కూరగాయలు తేకండి," అంటుంది. "అబ్బే, తేకపోతే రేపు గడ్డి తింటామా?" అని ఆయన సంచీ అందుకుంటాడు. ఆ ఒక్క కిటుకుతో ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళుగా హాయిగా కాపురం చేస్తోంది.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి అడుగుతాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"బాగా కనిపిస్తోందండీ."

"అబ్బే! బాగా కనిపించేవాళ్ళు కళ్ళెందుకు చికిలిస్తారు? ఇది చూడండి."

"ఇదీ బాగానే ఉందండీ."

"అబ్బే!"

గంటసేపు ఇదే వరస. విసుక్కుంటారు, గడియారం చూసుకుంటారు, గొణుక్కుంటూ పోతారు. కానీ ఆయనిచ్చిన జోడు సరిపడలేదని తిరిగొచ్చినవాళ్ళు లేరు. అందుకే దుకాణం నడుస్తోంది.

ఆ ఇంటి చిన్నల్లుడికి పెళ్ళై నాలుగు నెలలు. అబ్బే బాబాయ్ అతనికి స్వయానా మామగారి తమ్ముడు. అల్లుడి పని లిఫ్టులు బాగుచేయడం. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు బయట నిలబడి నెమ్మదిగా మాట్లాడి, ఏడుపులు ఆపించి, బయటికి లాగడంలో అతను దిట్ట. తనే ఎప్పుడైనా ఇరుక్కుంటే ఎలా అన్నది మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నెలకోసారి ఇంటిల్లిపాదీ మ్యాట్నీకి వెళ్తారు. ఏ సినిమాకి అన్నది ఒక్కరే ఎంచాలి. తిరిగొచ్చాక బల్ల చుట్టూ కూర్చుని, కాఫీ తాగుతూ, చిన్నవాళ్ళతో మొదలుపెట్టి వరసగా అభిప్రాయాలు చెప్పాలి. ఆఖరి తీర్పు మామగారి తల్లి, బామ్మది. సినిమా బాగుంటే ఎంచినవాళ్ళకి రెండో కప్పు కాఫీ. బాగాలేకపోతే ఆ సినిమాని బట్టి ఒక పేరు పెడతారు. అది గనక ఒకసారి అంటుకుందా, సబ్బు పెట్టి తోమినా వదలదు.

నమ్మకపోతే పెద్దల్లుడిని చూడండి. హైస్కూల్లో లెక్కల మేష్టారు, నలుగురూ నమస్కారం పెట్టే మనిషి. ఎనిమిదేళ్ళ కిందట, కొత్తల్లుడి హోదాలో, అందరినీ ఒక మొసలి సినిమాకి తీసుకెళ్ళాడు. ఆ మొసలి ఇంటర్వెల్ దాకా నీళ్ళలోంచి బయటికి రాలేదు. వచ్చాక అది రబ్బరుదని తెలిసిపోయింది. ఆ సాయంత్రమే ఆయన "మొసలి అల్లుడు" అయ్యాడు. కొన్నాళ్ళకి అల్లుడు అరిగిపోయి మొసలి మిగిలింది. "మొసలిగారూ, కాఫీ తీసుకుంటారా?" అని అత్తగారు ఎంతో మర్యాదగా అడుగుతుంది. అబ్బే బాబాయ్ ఒక్కడే, "అబ్బే, మొసలేమిటి వదినా, మేష్టారు అను," అంటాడు. ఆయన దేనికి ఎదురు చెప్పలేదు గనక! ఆ మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు.

సినిమా ఎంచే వంతు చిన్నల్లుడికి వచ్చిన నెలలోనే "ఉక్కురెక్కల వీరుడు" సినిమా రెండో భాగం విడుదలైంది.

"బాగా ఆలోచించుకోండి. మా బామ్మ నోటికి జాలి లేదు," అంది భార్య.

"దీనికి ఢోకా లేదు. మొదటి భాగం ఐదుసార్లు చూశాను," అన్నాడు.

మొదటి భాగంలో వీరుడు ఉక్కు రెక్కలు తగిలించుకుని మేడల మధ్య రివ్వున దూసుకుపోతాడు. కూలే వంతెనని భుజాన మోస్తాడు. హాల్లో ఈలలు ఆగలేదు. రెండో భాగంలో ఎనిమిదో నిమిషానికి రెక్కలు పోయాయి. అక్కణ్ణించి రెండు గంటల పది నిమిషాలు వీరుడు నడిచాడు. వానలో నడిచాడు, ఎడారిలో నడిచాడు, ఒకచోట బస్సు ఎక్కాడు, సీటు దొరక్క నిలబడ్డాడు. ఒక కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఏం ఆలోచించాడో చెప్పలేదు. ఆఖరికి ఒక గుహలో రెక్కలు దొరికాయి. తగిలించుకున్నాడు, మోకాళ్ళు వంచాడు, ఆకాశం వంక చూశాడు. ఇంకేముంది, ఎగురుతాడని అందరూ ముందుకు వంగారు. తెర మీద "మూడో భాగంలో కలుద్దాం" అని పడింది.

ఇంటికి నడిచొస్తున్నంతసేపూ ఎవరూ సినిమా ఊసెత్తలేదు. బల్ల దగ్గరికి చేరేదాకా మాటలు దాచుకోవడం వాళ్ళ పద్ధతి.

కాఫీలు వచ్చాయి. ముందు భార్య వంతు.

"పాటలు... పాటలు ఫరవాలేదు," అంది.

"అందులో పాటల్లేవే," అంది బామ్మ. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, మతిమరుపు లేదు.

అత్తగారు కాస్త ఆలోచించి, "ఆ విలన్ ఇల్లు మాత్రం ఎంత శుభ్రంగా ఉందో!" అంది. అంతకన్న మంచి మాట కోసం ఇంకొంచెం వెతికి, దొరక్క, బిస్కట్ల పళ్ళెం అల్లుడి వైపు జరిపింది.

మామగారు పెద్దమనిషి, అల్లుణ్ణి నొప్పించడం ఇష్టం లేదు. "తప్పు మీది కాదు అల్లుడుగారూ. నా గడియారం ఆగిపోయిందేమోనని ఐదుసార్లు చెవి దగ్గర పెట్టుకు చూశాను, అంతే," అన్నాడు.

లెక్క తేలడం కోసం తన వంతు వాయిదా వేసుకున్న మొసలి గొంతు సవరించుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్న మనిషి మరి.

"నేను లెక్క కట్టాను. సినిమా మొత్తం రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. ఎగిరింది ఎనిమిది. నడిచింది నూట ముప్పై. కాబట్టి తమ్ముడి పేరు మనం వెతకక్కర్లేదు. కాలినడక అల్లుడు."

బల్ల చుట్టూ నవ్వులు విరగబడ్డాయి. మామగారు కూడా మీసం చాటున నవ్వాడు. "కాలినడకగారూ, కాఫీ తీసుకుంటారా?" అని అత్తగారు అప్పుడే నోట్లో అనుకుని చూసుకుంది. పేరు చక్కగా అమరింది.

అల్లుడు రాబోయే రోజులు ఊహించుకున్నాడు. మొసలైనా నయం, నోట్లో పళ్ళున్న పేరు. లిఫ్టు మెకానిక్కుకి కాలినడక అని పేరు పడితే ఇంకేమైనా ఉందా? ఆ మాట ఎలాగో ఒకలాగ పని దగ్గరికి పాకుతుంది. లిఫ్టు చెడిన ప్రతి మేడలోనూ జనం "పిలవండి మన కాలినడకని" అంటారు. రేపు పిల్లలు పుడితే వాళ్ళూ అదే పేరు నేర్చుకుంటారు.

మొసలి భార్యా, బాబాయ్ భార్యా బామ్మ మాటే తమ మాటని తప్పుకున్నారు. మిగిలింది అబ్బే బాబాయ్, బామ్మ. వయసు వరస ప్రకారం బాబాయ్ తన అన్నగారి కంటే ముందే మాట్లాడాలి. కానీ కాదనడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని ఎప్పుడూ బామ్మకి ముందు మాట్లాడతాడు. కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు.

"అబ్బే!"

అందరూ కుర్చీల్లో సర్దుకు కూర్చున్నారు.

"మీలో ఒక్కరికీ సినిమా చూడ్డం రాదు. ఎగరడం ఒక గొప్పా? కాకి ఎగరట్లేదూ? రెక్కలున్నవాడు నడిచాడు చూడండి, అదీ వీరత్వమంటే!"

"రెక్కలు పోయాయి కనక నడిచాడు మరిదిగారూ," అంది అత్తగారు.

"అబ్బే, పోతే కూలబడొచ్చుగా? నడవడమెందుకు? ఆ బస్సులో చూశారా, వంతెన మోసినవాడు సీటు కోసం ఒక్కణ్ణి కూడా తోయలేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

"నీళ్ళెక్కడివిరా? ఇంటర్వెల్ తర్వాత గురక పెట్టావు, నేను నీ పక్కనే ఉన్నాను," అన్నాడు మామగారు.

"అబ్బే, గురక కాదన్నయ్యా, తన్మయత్వం."

"కిటికీ దగ్గర పావుగంట కూర్చున్నాడు బాబాయ్! ఏమిటందులో?" అంది భార్య.

"ఆ పావుగంటే మొత్తం సినిమా! దూరంగా ఉన్న బోర్డు వంక కన్నార్పకుండా చూశాడు. అద్దాల్లేకుండా! అలాంటి చూపు నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు. ఇంత మంచి సినిమా ఎంచాడు అల్లుడు, రెండో కప్పు కాదు, మూడో కప్పు పోయాలి."

ఇంక చూసుకోండి. అంతవరకూ అల్లుడి వైపు తిరిగి ఉన్న తలలన్నీ బాబాయ్ వైపు తిరిగాయి. మామగారు బల్ల గుద్దాడు. ఎన్నడూ గొంతెత్తని అత్తగారు గొంతెత్తింది. మొసలి కాగితం తీసి నిమిషాలు కూడి చూపించాడు. "అబ్బే, నీ కూడిక తప్పు మేష్టారూ," అన్నాడు బాబాయ్. లెక్కల మేష్టారు ముఖం కందగడ్డలా అయింది.

తన మూలాన ఇంత రగడ జరుగుతుంటే అల్లుడు తట్టుకోలేకపోయాడు. నిజాయితీపరుడు పాపం. లేచి నిలబడ్డాడు.

"మీరంతా క్షమించాలి. నిజం చెప్పాలంటే నాకే ఆ సినిమా..."

బల్ల కింద అతని కుడికాలి బొటనవేలి మీద ఒక మడమ దిగింది. కావాలని, బరువంతా వేసి దిగింది. అల్లుడు "అమ్మా!" అని కూలబడ్డాడు.

"చూశారా, తలుచుకుంటేనే నోట మాట రావట్లేదు కుర్రాడికి! అంతగా కదిలించింది సినిమా!" అన్నాడు బాబాయ్.

బామ్మ చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. అది తీర్పు గంట.

"ఎంచినవాడు తెలియక ఎంచాడు. చూసి కూడా మెచ్చుకున్నవాణ్ణి ఏమనాలి? ఒరేయ్, ఆ పేరు నీకే. కాలినడకవి నువ్వే."

"అబ్బే, అదెలా కుదురుతుందమ్మా?"

"కుదురుతుంది. నోరు మూసుకుని కాఫీ తాగు."

ఇల్లంతా చప్పట్లు కొట్టింది. ఆ పేరు రెండు రోజులైనా నిలవలేదనుకోండి. అబ్బే అన్న పేరు అప్పటికే ముప్పై ఏళ్ళుగా అంటుకుపోయిన మనిషి మీద ఇంకో పేరు ఎక్కడ అతుకుతుంది?

అల్లుడు కుంటుకుంటూ బస్టాపు దాకా నడుస్తుంటే మొసలి పక్కన చేరాడు.

"తప్పించుకున్నావు తమ్ముడూ," అన్నాడు కాస్త దిగులుగా.

"చిన్నమామయ్యగారికి నిజంగా నచ్చిందంటారా అన్నయ్యా?"

మొసలి ఆగి అతని వంక జాలిగా చూశాడు. "ఇన్నేళ్ళలో ఎన్ని చెత్త సినిమాలు చూశామో తెలుసా? మా ఆవిడ ఎంచింది ఒకటి, అత్తగారు ఎంచింది ఒకటి, మామగారివైతే రెండు. ప్రతిదాన్నీ ఆయనే ఆకాశానికెత్తాడు, తిట్లన్నీ ఆయనే తిన్నాడు. అందుకే ఆ ఇంట్లో మొసలి ఒక్కటే ఉంది."

"మరి మీ సినిమా రోజున?"

"ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు. అద్దాల సరుకు కోసం వెళ్ళి రెండో రోజు వచ్చాడు. అప్పటికే నేను మొసలినైపోయాను. ఆ పేరు విని 'అబ్బే' అని కూడా అనలేదు, అలా కుర్చీలో కూర్చుండిపోయాడు. అప్పట్నుంచి ఒక్క సినిమా మానలేదు. పన్ను పీకించుకున్న రోజు కూడా దవడకి గుడ్డ కట్టుకుని వచ్చాడు."

అల్లుడు వాచిన బొటనవేలు వంక చూసుకున్నాడు. ఆ వేలంటే అతనికి హఠాత్తుగా గౌరవం కలిగింది.

మర్నాడు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. బాబాయ్ ఒక చట్రానికి మర బిగిస్తున్నాడు.

"చిన్నమామయ్యా, నిన్న మీరు నా కోసమే..."

"అబ్బే! నీ కోసమేమిటి? నీకంత సీను లేదు. సినిమా నిజంగానే బాగుంది."

అల్లుడికి చిలిపితనం పుట్టింది. "అయితే రండి, మ్యాట్నీకి ఇంకా అరగంట టైముంది. మనిద్దరం మళ్ళీ చూద్దాం."

మర తిప్పుతున్న చెయ్యి ఆగింది. బాబాయ్ గోడ మీది అక్షరాల పటం వంక చూశాడు, తలుపు వంక చూశాడు, తప్పించుకునే దారి ఎటూ కనిపించలేదు. రానంటే నిన్నటి మాట అబద్ధమని ఒప్పుకున్నట్టే. మెల్లిగా లేచి, "ఇప్పుడే వస్తాను" అన్న అట్టముక్క తలుపుకి తగిలించి, తాళం వేశాడు.

రెండు గంటల పద్దెనిమిది నిమిషాలూ ఇద్దరూ చూశారు. వీరుడు మళ్ళీ నడిచాడు. ఎడారి దగ్గర బాబాయ్ తల అల్లుడి భుజం మీద వాలి, తన్మయత్వం మొదలైంది. అల్లుడి భుజం తిమ్మిరెక్కింది. తను చేసిన పనికి అతనికి సిగ్గేసింది. భుజం మాత్రం కదపలేదు.

బయటికొస్తుంటే, తర్వాతి ఆటకి వరసలో నిలబడ్డ ఒకాయన అడిగాడు. "ఎలా ఉందండీ సినిమా?"

"చాలా బాగుందండీ," అన్నాడు అల్లుడు, తల తిప్పకుండా.

"అబ్బే!" అని బాబాయ్ గర్జించాడు. "బాగుండడమా! రెండుసార్లు చూసినవాణ్ణి చెప్తున్నా, ఇంటికెళ్ళి పడుకోండి! నడవడం చూడాలంటే రోడ్డు మీద నిలబడితే చాలదూ? వాడు ఎగరడు బాబూ, చచ్చినా ఎగరడు!"

వరసలో ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. అప్పుడు గుర్తొచ్చింది బాబాయ్‌కి, పక్కన ఎవరున్నారో. మెడ తిప్పి చూశాడు. అల్లుడు పెదాలు బిగబట్టి నేల చూపులు చూస్తున్నాడు.

ఇద్దరూ మలుపు దాకా నడిచారు. అక్కడ బాబాయ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం అల్లుడూ, ఇది ఇంట్లో చెప్తావా ఏమిటి?"

"అబ్బే," అన్నాడు అల్లుడు.